మల్లయ్య తిప్పి పంపిన కవి

"కవి సమాధా? షోలాపూర్ల కవి సమాధి యాడున్నది అల్లుడా? దేవుని సమాధి ఉన్నది, చెర్వు నడుమల. అది సూత్తనంటె నడువు, పోదాం."

మా మేనమామ చెప్పులు తొడుక్కుంటూ అన్న మాట ఇది. నేను అడిగింది కవిని. ఆయన చూపిస్తానన్నది దేవుణ్ణి. ఇద్దరం ఒక్క చోటికే బయల్దేరాం.

మామ పుట్టింది సాఖర్ పేటలో. ఆయన తాత సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చాడు. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మగ్గం కూడు పెట్టక పడమటి దారి పట్టిన పద్మశాలీల్లో ఆయనొకడు. సోలాపూర్‌కు 1860లో రైలొచ్చింది. 1877లో తొలి మిల్లు పెట్టారు. దాని పేరు ఊళ్ళో ఇప్పటికీ 'జునీ మిల్', అంటే పాత మిల్లు. 1876-78 కరువు దక్కన్ పల్లెలను పీల్చి పిప్పి చేసిన రోజులవి. నూలు ఎక్కడ దొరికితే సాలెవాడు అక్కడికే పోతాడు. అట్లా వచ్చినవాళ్ళు చేతిమగ్గాలు దింపుకున్నారు, చీరలు నేశారు, మిల్లుల్లో కూలికి చేరారు. తర్వాత సాంచాలు, అంటే మరమగ్గాలు, కొన్నారు, జకార్డు అట్టలు ఎక్కించారు, నెమళ్ళూ పూలూ తేలే చాదర్లు నేసి దేశమంతా కప్పారు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చాదర్‌కు మాత్రం భౌగోళిక గుర్తింపు దక్కింది, సోలాపూర్ పేరు దాని మీద నిలిచింది.

ఊరి తూర్పు భాగంలో నడుస్తుంటే మన ఊరే అనిపిస్తుంది. సాంచాల టకటక గోడల్లోంచి వస్తుంటుంది. అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు బీడీలు చుడుతుంటారు. ఆకు కత్తిరించే చప్పుడు, తంబాకు ఘాటు, "ఏమే, పిల్ల బడికి పోయిందా" అనే పలకరింపు. కళ్ళు మూసుకుంటే సిరిసిల్ల, తెరిస్తే బోర్డులన్నీ మరాఠీ. పేటల పేర్లు వినండి: దాజీ పేట, పాచ్ఛా పేట, జోడ్ భావి పేట, భద్రావతి పేట. భద్రావతి అంటే పద్మశాలీల పురాణంలో భావనారుషి ఇల్లాలు. పరాయి రాష్ట్రపు ఊరి పటంలో ఆ తల్లి పేరు చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

సాఖర్ పేట నుంచి చెరువు దాకా నడిచే వెళ్ళాం. మామకు డెబ్బై దాటాయి. యాభై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి కనుక చెవులు కొంచెం మందం. నేను గట్టిగా అడగాలి, ఆయన గట్టిగా జవాబు చెప్పాలి. దారంతా అందరూ మా మాటలు వింటూనే ఉన్నారు.

ఊరు ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. ఒక పక్క కోట గోడ, ఎదురుగా చెరువు, చెరువులోకి చొచ్చుకుపోయిన గుడి. ఆ కోట బీజాపూర్, అహ్మద్‌నగర్ సుల్తానుల మధ్య ఎన్నోసార్లు చేతులు మారింది. చాంద్ బీబీ పెళ్ళిలో కట్నంగా కూడా పోయింది. కోట కంటే చెరువు పాతది. చెరువు కంటే పాతది ఈ ఊళ్ళో మల్లన్న పేరు. ఆ పేరు పట్టుకుని ఈ చెరువు తవ్వించినవాడు గుడి ఆవరణలో పడుకుని ఉన్నాడు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా.

సమాధికి మామ వంగి మొక్కాడు. విభూతి తీసి నుదుటికి మూడు వేళ్ళతో రాసుకుని, నాకూ రాశాడు.

"మామా, ఈయన కవి అని నీకు ఎరుకేనా?"

"కవి ఎందుకైతడు? సిద్ధేశ్వరుడు."

ఆ జవాబులో అమాయకత్వం లేదు. ఊరు ఊరంతా చెప్పే జవాబే అది. ముంబై రైలు సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్, మార్కండేయుడి గుడి ఉన్నది సిద్ధేశ్వర్ పేటలో, పాల ప్యాకెట్ నుంచి లారీ నుదుటి దాకా అదే పేరు. ఒక మనిషి పేరు ఇంతగా ఊరి నోట నానిన తర్వాత ఆ మనిషి నోట వచ్చిన మాటలు ఎవరికి గుర్తుంటాయి? ఈ సమాధి ముందు నిలబడి నేను అడగదలచుకున్నది ఇదొక్కటే.

ఊరు సిద్ధేశ్వరుడని మొక్కే ఈ సిద్ధరాముడు 12వ శతాబ్దపు కన్నడ వచన కవి. బసవన్న, అల్లమ ప్రభువు, అక్క మహాదేవి, చెన్నబసవన్న ఉన్న కాలం, ఉన్న గుంపు. ఊరి పేరు అప్పుడు సొన్నలిగె. పదహారు ఊళ్ళు కలిసి 'సోలా పూర్' అయిందని ఒక కథ చెబుతారు కానీ, శక 1238 నాటి కామతి శాసనంలో ఉన్న పేరు సోనలిపూర్. పదహారు లెక్క ఎవరో తర్వాత వేసింది. కన్నడం వాళ్ళు ఆయన్ను ఇప్పటికీ సొన్నలిగె సిద్ధరాముడనే పిలుస్తారు. తండ్రి ముద్దుగౌడ, తల్లి సుగ్గవ్వ. జొన్నచేను కాసే పిల్లవాడు.

ఆ పిల్లవాడి కథను 13వ శతాబ్దంలో రాఘవాంకుడనే కన్నడ మహాకవి 'సిద్ధరామ చరిత్ర'గా రాశాడు. కథ మనకు పరాయిది కాదు. చేనులో ఒక జంగమయ్య వచ్చి నిలబడ్డాడు. పేరు మల్లయ్య అన్నాడు. పిల్లవాడు పాలుపట్టిన జొన్నకంకులు కాల్చి, నలిపి, ఊసబియ్యం చేతిలో పోశాడు. (సోలాపూర్‌లో చలికాలం వచ్చిందంటే ఇప్పటికీ పొలాల్లో ఇదే విందు. హురడా అంటారు. పక్కనున్న మంగళవేఢ జొన్నకు ఉన్న పేరు అంతా ఇంతా కాదు.) తిన్న మల్లయ్యకు కడుపు మండింది, పెరుగన్నం కావాలన్నాడు. పిల్లవాడు ఇంటికి పరుగెత్తి పెరుగన్నం తెచ్చేసరికి చేను ఖాళీ. మల్లయ్యా, మల్లయ్యా అని ఏడుస్తూ తిరుగుతున్న పిల్లవాణ్ణి చూసి, శ్రీశైలం పోతున్న యాత్రికులు, మల్లయ్య దగ్గరికే పోతున్నాం, రా అన్నారు. తీసుకుపోయి గుళ్ళో లింగాన్ని చూపించారు. పిల్లవాడు ఒప్పుకోలేదు. నాకు కావలసింది రాయి కాదు, నా చేతి ఊసబియ్యం తిన్న మల్లయ్య అన్నాడు. అడవిలో పడి వెతికి వెతికి, లోయ అంచున నిలబడి దూకాడు. అప్పుడు పట్టుకున్నాడు మల్లయ్య.

పట్టుకున్నవాడు తన దగ్గర ఉంచుకోలేదు. వెనక్కి పో, నీ ఊరినే శ్రీశైలం చెయ్యి అని పంపేశాడు.

నన్ను ఈ కథలో ఆపేది ఆ చివరి మాట. వచన కవుల్లో శ్రీశైలం చేరినవాళ్ళు ఇంకా ఉన్నారు. అల్లముడు అక్కడికే పోయాడు, కదళీవనంలో కలిసిపోయాడంటారు. అక్క మహాదేవి అక్కడికే పోయింది. వాళ్ళకు ఆ కొండ ప్రయాణపు చివర. సిద్ధరాముడికి అది మొదలు. నల్లమల లోయలోంచి నాలుగైదు వందల కిలోమీటర్లు వెనక్కి నడిచి వచ్చి, నీళ్ళు లేని నల్లరేగడి నేలలో చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. గుడి కట్టాడు. ఊరి చుట్టూ 68 లింగాలు నిలిపాడు. తెలుగు కొండ మీద పొందిన ఆజ్ఞను మోసుకొచ్చి ఇక్కడ ఊరుగా పరిచాడు.

ఏడు శతాబ్దాల తర్వాత అదే తెలుగు నేల నుంచి మా మామ తాతలు ఇదే దారిన వచ్చారు. వాళ్ళను ఎవరూ పంపలేదు. ఆకలి తరిమింది. వాళ్ళు కూడా వచ్చిన చోటే మార్కండేయుడికి గుడి కట్టుకుని, ఊరి సగాన్ని మగ్గంగా మార్చుకుని, వెనక్కి పోలేదు. రాఖీ పున్నమి నాడు మార్కండేయుడి రథం కదిలితే ఊరు ఆగిపోతుంది. వచ్చినవాళ్ళు ఊరిని తమ ఊరు చేసుకోవడం సోలాపూర్‌కు సిద్ధరాముడి నాటి నుంచే అలవాటు.

ఇక ఆయన మాటలు. వచనం అంటే పద్యం కాదు. గణాలు లేవు, యతిప్రాసల లెక్క లేదు. మనిషి మనిషితో చెప్పే మాట, ఊపిరి పట్టినంత పొడవు. చివర ఒక ముద్ర ఉంటుంది. నేతగాడికి ఇది చెబితే వెంటనే అర్థమవుతుంది: బట్ట ఎవరు నేశారో అంచు చూసి చెప్పవచ్చు. ఎవరి ముద్ర వాళ్ళది. బసవన్నది కూడల సంగమదేవుడు. అల్లముడిది గుహేశ్వరుడు. సిద్ధరాముడి ముద్ర కపిలసిద్ధ మల్లికార్జున. ఆయన పేర దొరికిన వచనాలు 1,300 పైచిలుకు. అంటే మన శ్రీశైలం మల్లన్న పేరు కన్నడ సాహిత్యంలో ఒక్క కవి చేతనే అన్ని సార్లు అచ్చయింది. అక్క మహాదేవి ముద్ర చెన్నమల్లికార్జున. ఆమెదీ ఆ దేవుడే. కృష్ణ ఒడ్డు కొండ మీద కూర్చున్న దేవుడు తెలుగులో విన్న మాటలెన్నో, కన్నడంలో విన్నవీ అన్ని.

సిద్ధరాముడి జీవితంలో అన్నింటికన్నా పెద్ద ఘట్టం ఈ చెరువు గట్టు మీదే జరిగింది. వచన కవుల మాటలతో 15వ శతాబ్దంలో కూర్చిన 'శూన్యసంపాదనె'లో దాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ రోజు ఎండ కూడా కనిపిస్తుంది. వేలమంది తట్టలెత్తుతున్నారు. మట్టి, రాయి, గునపాల చప్పుడు. అల్లమ ప్రభువు వచ్చి నిలబడి, మీ ఒడ్డరాముడు ఎక్కడ అని అడిగాడు. ఒడ్డ అంటే మన వడ్డెర. చెరువులు తవ్వేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు. గురువును ఒడ్డవాడన్నందుకు శిష్యులకు కోపమొచ్చి రాళ్ళు రువ్వారు. అల్లముడికి కావలసింది అదే. వాదం నడిచింది. చెరువు తవ్వితే, గుడి కడితే పుణ్యం వస్తుందనుకుంటున్నావు, నీ లోపలున్నదాన్ని చూడకుండా బయట రాళ్ళు నిలుపుతున్నావు అని అల్లముడి వాదన. సిద్ధరాముడు గట్టిగా నిలబడ్డాడు, తర్వాత కరిగాడు. కల్యాణ పట్టణం వెళ్ళి చెన్నబసవన్న చేత ఒంటి మీద ధరించే ఇష్టలింగం అందుకున్నాడు. అల్లముడు, చెన్నబసవన్న తర్వాత శరణుల, అంటే ఈ వచన భక్తుల, గురుపీఠమైన శూన్యసింహాసనం ఎక్కింది సిద్ధరాముడేనని సంప్రదాయం.

వాదంలో అల్లముడు గెలిచాడని పుస్తకాలు చెబుతాయి. నేను చెరువు గట్టున నిలబడి ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. వానలు ఎగ్గొట్టే నేల ఇది. ఎండాకాలం మా మామ వాళ్ళ పేటకు కుళాయి నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో ఆ ఇళ్ళ ముందు వరసపెట్టిన డ్రమ్ములను అడగండి. ఇట్లాంటి చోట ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒకడు చెరువు తవ్వించాడంటే, అతణ్ణి ఒడ్డవాడు అని పిలవడం తిట్టు కాదు, బిరుదు. అల్లముడు తిట్టుగా అన్నా బిరుదుగానే మిగిలింది. సిద్ధరాముడి గొప్పతనం ఆ తర్వాత వచనాల్లో కనిపిస్తుంది. చేతిపని మానలేదు, ఆ పని మీద అహాన్ని మానుకున్నాడు. బయట తవ్విన చెరువును లోపల కూడా తవ్వుకున్నాడు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. శరణుల మతంలో నిలిచిన రాయి కంటే నడిచే మనిషి ఎక్కువ. గుడి కంటే ఒళ్ళు ఎక్కువ. అటువంటి మతపు కవికి ఇంత గుడీ, ఇంత సమాధీ ఎందుకు? ఆ మతపు లింగాయతులు చనిపోయినవాళ్ళను కాల్చరు. కూర్చోబెట్టి, చేతిలో ఇష్టలింగం ఉంచి, మట్టికి ఇస్తారు. సమాధిని కన్నడంలో గద్దుగె అంటారు, మన గద్దె లాంటి మాటే. అంటే వాళ్ళ లెక్కలో అక్కడ పడుకున్నవాడు లేడు, కూర్చున్నవాడున్నాడు. సిద్ధరాముడు బతికుండగానే సమాధిలో కూర్చున్నాడని సోలాపూర్ నమ్మకం. పైన గుడి వచ్చింది, చుట్టూ చెరువు ఉండనే ఉంది. ఆయన తవ్వించిన నీళ్ళే ఆయన్ను చుట్టుకుని ఉన్నాయి. నాకు ఆ చిక్కు అక్కడ కొంచెం వదులైంది. ఇది ఎవరో రాజు కట్టించిన స్మారకం కాదు. తన చేతిపనిలోనే మనిషి కలిసిపోయాడు.

కవుల సమాధుల విషయంలో మన తెలుగువాళ్ళ సంగతి కూడా గుర్తొచ్చింది. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. అక్కడా అంతే, మొక్కులు, పూజలు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ దొర 1884 డిసెంబర్ 12న లండన్‌లో పోయాడు, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నాడు. అదే శ్మశానంలో రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాగూర్ కూడా ఉన్నాడు. కానీ సాలెవాడిగా నాకు దగ్గరగా వచ్చే సమాధి మగహర్‌లోని కబీరుది. మగ్గం మీద కూర్చుని పాడినవాడు. పోయాక హిందువులు సమాధి కట్టుకున్నారు, ముస్లింలు మజార్ కట్టుకున్నారు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మగహర్‌లో ఒక మంచి సంగతి ఉంది. అక్కడికి పోయినవాడికి కబీరు కవి అని చెప్పనక్కరలేదు. బిచ్చమెత్తేవాడి నోట కూడా ఆయన దోహా ఉంటుంది. సమాధి పక్కన మాట కూడా బతికి ఉంది. సోలాపూర్‌లో సమాధి నిండుగా ఉంది. మాట కన్నడం ఇళ్ళలో ఉంది. సాలెవాడలకు రాలేదు.

రావడానికి దారి మాత్రం ఎప్పుడో వేసి ఉంది. వచన కవులందరిలో మొదటివాడని కన్నడిగులు చెప్పుకునే కవి మనవాడే. కులం చేత కాదు, పని చేత. జేడర దాసిమయ్య. సురపురం దగ్గర ముదనూరు. మగ్గం మనిషి. కన్నడంలో జేడ అంటే సాలెపురుగు, జేడ అంటే సాలెవాడు కూడా. తెలుగులోనూ సాలె అంటే నేతగాడు, సాలీడు అంటే పురుగు. రెండు భాషల్లోనూ నేసే మనిషికీ నేసే పురుగుకీ ఒకటే మాట. ఈ సంగతి మామకు చెబితే మొదటిసారి ఆగి నా ముఖంలోకి చూశాడు. దాసిమయ్య నేసిన బట్ట అంగడికి తీసుకుపోతుంటే శివుడు ముసలి జంగమై వచ్చి అడిగాడనీ, దాసిమయ్య వెనకాడకుండా ఇచ్చేశాడనీ కథ. మన పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం'లో ఆ భక్తుణ్ణి తెలుగు ద్విపదలోకి తెచ్చుకున్నాడు. సోమనాథుడిది జనగామ దిక్కు పాలకుర్తి. మామ పూర్వులు వచ్చిన ఊళ్ళకు అది ఎంత దూరమో లెక్కపెట్టక్కరలేదు. కన్నడపు నేతకవిని తెలుగులోకి నడిపించిన కవి ఓరుగల్లు నేలవాడైతే, సోలాపూర్ సాలెవాడకు వచనం పరాయి సొత్తు ఎట్లా అవుతుంది?

జనవరిలో వస్తే సిద్ధరాముడి మాట వినే అవకాశం ఏడాదికి ఒకసారి ఉంటుంది. సంక్రాంతికి గడ్డా యాత్ర. ఏడు నందిధ్వజాలు లేస్తాయి, మేడలకంటే పొడవైన వెదురు గడలు. తెల్లటి బారాబందీ తొడుక్కున్నవాళ్ళు వాటిని మోస్తారు. తొలిరోజు ఊరి చుట్టూ ఉన్న 68 లింగాలకు తైలాభిషేకం. మర్నాడు పెళ్ళి. దాని వెనక కథ మనసును మెలిపెట్టేది. ఒక కుమ్మరి పిల్ల రోజూ సిద్ధరాముడి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసేది. ఆయన్నే పెళ్ళాడతానంది. నేను యోగిని, నా దండాన్ని పెళ్ళాడు అన్నాడాయన. దండంతో పెళ్ళయింది. ఆ తర్వాత ఆమె హోమంలోకి నడిచింది. నందిధ్వజాలు ఆ దండానికి గుర్తు. ఆ పెళ్ళి ఇప్పటికీ ఏటేటా చేస్తారు, మర్నాడు హోమమూ చేస్తారు. కుమ్మరి పిల్ల పేరు నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె సమాధి ఎక్కడని ఎవరూ అడగరు. సిద్ధరాముణ్ణి ప్రేమించే నాకు ఈ కథలో ఆయన మీద కోపం రాకుండా ఉండదు.

పెళ్ళి సమయంలో సమ్మతి కట్ట అనే వేదిక దగ్గర కన్నడంలో సమ్మతి చదువుతారు. చెరువు గట్టు, కోట చుట్టూ, మేడల మీద, చెట్ల మీద జనం. చదువుతున్నది కన్నడం. వింటున్నవాళ్ళలో మరాఠీవాళ్ళు, కన్నడిగులు, తెలుగువాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు అందరూ ఉంటారు. 'సత్యం' అనే మాట వచ్చిన ప్రతిసారీ వేల చేతుల్లోంచి అక్షతలు లేస్తాయి. మామ చిన్నప్పటి నుంచీ పోతూనే ఉన్నాడు. మిగతా మాటలకు అర్థమేమిటంటే, "అది మనకు సమజ్ గాదు అల్లుడా, సత్యం అన్నప్పుడు చల్లాలె" అంటాడు. ఒక మహాకవి ఊళ్ళో, ఆయన సమాధి పక్కన, ఆయన భాషలో చదివేదాన్ని వేలమంది ఒక్క మాట పట్టుకుని వింటున్నారు. నాకు బాధా కలిగింది, ఆశా కలిగింది. ఒక్క మాటైనా పట్టుకున్నారు.

ఇంకో బాధ ఇంటికి దగ్గరిది. సాలెవాడల్లో తెలుగు నోట్లో ఉంది, వేళ్ళలో లేదు. మామ మరాఠీ బడిలో చదివాడు. మామ కొడుకు మరాఠీ, మనవడు ఇంగ్లిష్. శుభలేఖలు మరాఠీ, చనిపోయినవాళ్ళకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు మరాఠీ. పేరు తెలుగు ఇంటిపేరే, లిపి మాత్రం వాళ్ళది. మామ తండ్రి రాసిన తెలుగు ఉత్తరాలు ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఇంట్లో ఒక్కరు కూడా చదవలేరు. నేను చదివి వినిపిస్తుంటే మామ అత్తను పిలిచి కూర్చోబెట్టాడు. పగార్ ఎంత వచ్చింది, ఎవరికి జ్వరం, ఊళ్ళో వాన పడిందా, బతుకమ్మకు చెల్లెకు చీర పంపాను చేరిందా. అంతే. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తండ్రి మాట ఇంట్లోనే ఉండి, విప్పేవాళ్ళు లేక ఊరుకుంది. చెరువు నడుమ కవి మాట కూడా అట్లాగే ఊరుకుని ఉంది.

విప్పే పని కొంత జరిగే ఉంది. బెంగళూరు బసవ సమితి వాళ్ళు ఎం.ఎం. కల్బుర్గి సంపాదకత్వంలో 2,500 వచనాలు ఎంచి దేశ భాషలెన్నింటిలోకో అనువదింపజేశారు, తెలుగు కూడా ఉంది. కానీ తెలుగు అక్షరం రాని తెలుగువాడికి తెలుగు పుస్తకం ఏం లాభం? సాలెవాడలకు కావలసింది మరాఠీ అక్షరాల్లో తెలుగు మాట. అది వింతగా కనిపిస్తుంది కానీ ఈ ఊళ్ళో వింత కాదు. లేదంటే నోటి మాట. మన కూనపులివాళ్ళు పటం పరిచి భావనారుషి కథ చెబితే చదువు రాని సాలెవాళ్ళు తరతరాలుగా పురాణమంతా నేర్చుకోలేదా? బొమ్మ మీద కర్ర పెట్టి, ఈయన ఊసబియ్యం పెట్టిన పిల్లవాడు, ఈయన మల్లయ్య, ఇదిగో శ్రీశైలం, ఇదిగో మన చెరువు అని చెప్పే పటం ఒకటి ఉంటే? అట్లాంటి పటాలు గీసే చేర్యాల నకాషీ చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

పేరు కూడా మనకు కొత్తది కాదు. కామారెడ్డి దగ్గర భిక్కనూరులో సిద్ధరామేశ్వరుడి గుడి ఉంది. సిద్ధిరాములు అనే పేరు ఆ దిక్కునా, మెదక్, కరీంనగర్ దిక్కునా ఇంటింటా వినబడేది. మా మామ తాత పేరూ అదే. కవి పేరు పెట్టుకున్న మనిషి, కవి ఊరికి వచ్చి, కవి చెరువు నీళ్ళు తాగి, కవి అని తెలియకుండానే ఆ మట్టిలో కలిశాడు.

సాయంత్రం తిరిగి వస్తుంటే గట్టు మీద బిల్వపత్రి అమ్మే ముసలామె దగ్గర మామ ఆగాడు. పొద్దున పత్రి కొన్నది ఆమె దగ్గరే. నుదుట విభూతి, మెడలో లింగకాయ. మామ మరాఠీలో ఏదో అడిగాడు. నా వైపు చెయ్యి చూపించి, ఇతను సిద్ధరామేశ్వరుడు కవి అంటున్నాడు, నిజమేనా అని అడిగాడట. ఆమె నవ్వింది. పత్రి మీద నీళ్ళు చల్లి, చెయ్యి తుడుచుకుని, కళ్ళు మూసుకుంది. కన్నడంలో ఒక వచనం చెప్పింది. పాడలేదు, చెప్పింది. నెమ్మదిగా, ఎవరికో ఎదురుగా కూర్చుని చెప్పినట్టు. మామ చెవి దగ్గరగా వంచి విన్నాడు. నాకు సగం అర్థమైంది. ఆయనకు అంతకంటే తక్కువ అర్థమై ఉంటుంది. చివర ఆమె ముద్ర పలికింది.

మామ తల ఎత్తాడు.

"మల్లికార్జునుడు అన్నది గదా? మన శ్రీశైలం మల్లన్న పేరే గదా అల్లుడా అది?"

"అవును మామా. ఆయన చెప్పిన ప్రతి మాట చివరా ఆ పేరే ఉంటుంది."

ఆయన చెప్పులు విడిచి గట్టు మీద కూర్చున్నాడు. చెరువు మీద ఎండ దిగిపోతోంది. ఆమెతో మరాఠీలో అన్నది నాకు తర్వాత తెలుగులో చెప్పాడు: "ఇంకోటి చెప్పవ్వా అన్న."